రేడియం జాకెట్ గురించి సైటులో తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం దాకా హైవే పనుల్లో, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాయి క్వారీల్లో, తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల్లో, ఎర్రగుంట్ల సిమెంటు ప్లాంట్లలో సేఫ్టీ సూపర్‌వైజరుగా తిరిగినవాణ్ని. పొద్దున డ్యూటీ ఎక్కేముందు పది నిమిషాలు అందరినీ నిలబెట్టి మాట్లాడతాం కదా, అప్పుడు కూలీలు, మేస్త్రీలు, చిన్న కాంట్రాక్టర్లు అడిగిన ప్రశ్నలే ఇవి. హెల్మెట్ మీద వచ్చిన ప్రశ్నలకంటే జాకెట్ మీద వచ్చినవే ఎక్కువ. ఎందుకంటే హెల్మెట్ పగిలితే అందరికీ తెలుస్తుంది. జాకెట్ పాడైందని ఎవరికీ తెలియదు, వేసుకున్నవాడికి అసలే తెలియదు.

రేడియం జాకెట్ అంటారు కదా, అందులో నిజంగా రేడియం ఉంటుందా? ఒంటికి మంచిదేనా?

రేడియం చుక్క కూడా ఉండదు, భయపడకండి. పూర్వం చీకట్లో మెరిసే గడియారం ముళ్లకు రేడియం పూసేవారు. ఆ పేరు మన నోళ్లలో మిగిలిపోయి, మెరిసే ప్రతిదీ రేడియం అయింది. బండి వెనక అంటించే స్టిక్కరూ రేడియమే, ఈ జాకెట్టూ రేడియమే.

జాకెట్‌లో రెండు వేర్వేరు సరుకులు ఉంటాయి. ఒకటి కళ్లు జిగేల్‌మనే పసుపు లేదా నారింజ గుడ్డ. దీన్ని ఫ్లోరోసెంట్ గుడ్డ అంటారు. ఎండలో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని, కంటికి కనిపించే వెలుతురుగా బయటికి వదులుతుంది. అందుకే మామూలు పసుపుకంటే ఎక్కువ వెలుగుతున్నట్టు ఉంటుంది. ఇది పగటి సరుకు. ముఖ్యంగా మబ్బు పట్టినప్పుడు, తెల్లవారుజామున, గొడ్లు ఇంటికొచ్చే వేళలో దీని పనితనం తెలుస్తుంది.

రెండోది వెండి రంగు పట్టీ. ఇది రాత్రి సరుకు. దాని మీద పిండిలాంటి గాజు పూసలు వేలల్లో అతికి ఉంటాయి. లైటు పడితే, ఎటునుంచి వచ్చిందో అటే తిప్పి పంపిస్తాయి. లారీ లైటు పడితే ఆ వెలుగు లారీ డ్రైవరు కళ్లకే చేరుతుంది. పక్కన నిలబడ్డ మీకు పట్టీ మామూలు బూడిద రంగులోనే కనిపిస్తుంది. అందుకే "ఇది మెరవట్లేదన్నా" అని పక్కవాడు చెప్పే మాట నమ్మొద్దు.

మా దగ్గర పసుపు టీ షర్టులున్నాయి. అవి వేసుకుంటే సరిపోదా?

చాలదు. మామూలు రంగు గుడ్డకు పైన చెప్పిన గుణం లేదు, పట్టీ అసలే లేదు. రాత్రి పూట పసుపు చొక్కాకీ నల్ల చొక్కాకీ తేడా మీరు అనుకున్నంత ఉండదు.

కొనేటప్పుడు ఏ ప్రమాణం చూడాలి?

మన దేశంలో ఇలాంటి దుస్తులకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 15809. లేబుల్ మీద ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఈ నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. గుర్తు ఎవరైనా ముద్రించుకోవచ్చు, కాబట్టి గుర్తు చూసి తృప్తి పడకండి. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. ఫోన్‌లో వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ లైసెన్సు నంబరు కొట్టండి. ఏ కంపెనీకి, ఏ సరుకుకి ఇచ్చిన లైసెన్సో వస్తుంది. ఒకసారి మాకు వచ్చిన కట్టలో నంబరు కొట్టి చూస్తే అది వేరే సరుకు తాలూకు లైసెన్సు. షాపతనికి చూపిస్తే ఆయనే బిత్తరపోయాడు. ఆయనకు పైనుంచి వచ్చిన సరుకది, ఆయన మాత్రం ఏం చేస్తాడు? కట్ట వాపసు తీసుకున్నాడు.

పెద్ద కంపెనీలు టెండరులో విదేశీ ప్రమాణాలు కూడా రాస్తుంటాయి. ఈఎన్ ఐఎస్ఓ 20471 అంటే యూరప్, అంతర్జాతీయ ప్రమాణం. ఆన్సీ 107 అంటే అమెరికాది. 20471 లేబుల్ మీద చిన్న జాకెట్ బొమ్మ, పక్కన 1, 2, 3లో ఒక అంకె ఉంటుంది. అది క్లాసు. ఎన్ని ఉతుకులదాకా పరీక్ష చేశారో, సైజు ఎంతో, తయారుచేసినవారు ఎవరో కూడా లేబుల్ మీదే ఉండాలి. లేబులే లేని జాకెట్ మీద నేనైతే మాట్లాడను.

క్లాస్ 1, 2, 3 అంటే నాణ్యతలో తేడానా?

చాలామంది అలాగే అనుకుంటారు. ఫస్ట్ క్లాస్ అంటే గొప్పది అన్న అలవాటు మనది కదా, ఒక కాంట్రాక్టరు "మాకు క్లాస్ వన్నే కావాలి, తక్కువరకం వద్దు" అని పట్టుబట్టి కొన్నాడు. ఇక్కడ లెక్క తిరగబడి ఉంటుంది. 1 అంటే అన్నిటికంటే చిన్నది.

క్లాసు అంటే ఎంత గుడ్డ, ఎంత పట్టీ ఉందన్న కొలత. 20471 ప్రకారం క్లాస్ 1కి ఫ్లోరోసెంట్ గుడ్డ 0.14 చదరపు మీటర్లు, పట్టీ 0.10. క్లాస్ 2కి గుడ్డ 0.50, పట్టీ 0.13. క్లాస్ 3కి గుడ్డ 0.80, పట్టీ 0.20. ఇవి కనీసపు కొలతలు. పట్టీ వెడల్పు కనీసం 50 మిల్లీమీటర్లు, అంటే రెండు వేళ్లు దాటి ఉండాలి. వేలెడు సన్నంగా ఉన్న పట్టీ కనిపిస్తే అక్కడే పక్కన పెట్టేయండి.

చేతులు లేని జాకెట్ ఒక్కటే ఎప్పటికీ క్లాస్ 3 కాదు. క్లాస్ 3 కావాలంటే చేతులైనా ఉండాలి, లేదా కింద నిండు పొడవు ప్యాంటైనా కలవాలి. ఊపే చెయ్యి, నడిచే కాలు కనిపిస్తేనే "అది స్తంభం కాదు, మనిషి" అని డ్రైవరుకు త్వరగా తెలుస్తుంది. చేతుల్లేని దాని మీద "క్లాస్ 3" అని ముద్ర ఉంటే ఆ అమ్మేవాడి మిగతా మాటలు కూడా ఆలోచించి నమ్మండి.

హైవే మీద పనికి ఏది తీసుకోవాలి? క్రషర్‌లో పనికి ఏది?

అటుగా వెళ్లే బండ్ల వేగాన్ని బట్టి చూసుకోండి. 20471 ఇచ్చే సూచన ఏమిటంటే, గంటకు 60 కిలోమీటర్లు దాటే చోట క్లాస్ 3, ఆ లోపు క్లాస్ 2, 30 లోపు క్లాస్ 1.

44వ నంబరు జాతీయ రహదారి మీద 60లో పోయే బండి ఎక్కడుంది? గుత్తి దాటాక బెంగళూరు వైపు పోయే బస్సుల్ని ఒకసారి నిలబడి చూడండి. గంటకు 80లో వచ్చే బండి ఆగడానికి మన రోడ్డు ఇంజనీర్లు లెక్కలో పెట్టుకునే దూరం దాదాపు 120 మీటర్లు. 100లో వస్తే 180. డ్రైవరు మిమ్మల్ని చూసి, "మనిషి" అని గ్రహించి, బ్రేకు మీద కాలు వేసేలోపే 80లో వచ్చే బండి కూడా 50, 60 మీటర్లు వచ్చేసి ఉంటుంది. అంటే మీరు ఆ 120, 180 మీటర్ల దూరం నుంచే కనిపించాలి. కాబట్టి హైవే మీద జెండా పట్టేవాడికీ, కోన్‌లు పెట్టేవాడికీ చేతులున్న క్లాస్ 3 ఇవ్వండి. రోడ్డు పనుల చోట ట్రాఫిక్ నిర్వహణకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం ఎస్పీ 55 ఉంది, 2014 ముద్రణ. కాంట్రాక్టరు ఎవరైనా సరే, అది సైటు ఆఫీసులో ఉండాల్సిందే.

క్వారీలో, క్రషర్‌లో, ఫ్యాక్టరీ యార్డులో టిప్పర్లు నెమ్మదిగానే తిరుగుతాయి కాబట్టి పగలు క్లాస్ 2 చాలు. రాత్రి షిఫ్టు ఉంటే నేను క్లాస్ 3యే అడుగుతాను.

పసుపా, నారింజా? ఏది బాగా కనిపిస్తుంది?

మీ వెనక ఏముందో చూసి చెప్పాలి. కేటలాగు చూసి ఒకే రంగు అన్ని సైట్లకూ కొనే అలవాటు మంచిది కాదు.

అనంతపురం ఎర్రనేల మీద నారింజ జాకెట్ వేసుకుని వంద అడుగులు దూరం పోయి నిలబడండి. ముఖ్యంగా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి నేలంతా ఎర్రగా మెరిసేటప్పుడు. మనిషి నేలలో కలిసిపోతాడు. అక్కడ పచ్చకొట్టే పసుపు బాగుంటుంది. అదే కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరి మడుల పక్కన రోడ్డు పనైతే పసుపు కొంచెం తేలిపోతుంది, నారింజే మేలు. కర్నూలు, నంద్యాల నల్లరేగడిలో రెండూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

నేల ఒక్కటే కాదు, మిషన్లు కూడా చూడాలి. జేసీబీలు, తవ్వే ప్రొక్లెయిన్‌లు చాలావరకు పసుపు. వాటి పక్కన పసుపు జాకెట్‌తో నిలబడ్డ హెల్పర్‌ని దూరం నుంచి చూస్తే మిషన్‌లో ఒక భాగం అనిపిస్తాడు. మా దగ్గర మిషన్ హెల్పర్లకు నారింజ, మిగతా వాళ్లకు పసుపు ఇచ్చాం. ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. మిషన్ చుట్టుపక్కల పసుపు జాకెట్ కనిపిస్తే "నీకు ఇక్కడేం పని?" అని వెంటనే అడగొచ్చు. రోడ్డు మీద కోన్‌లన్నీ నారింజే కాబట్టి కోన్‌ల వరసలో పనిచేసేవాడికి పసుపు వేయండి.

కంపెనీ రూలు ఒకే రంగు అని ఉంటే, దాని మీద గొడవ పడకుండా పట్టీ ఎక్కువున్నది అడగండి.

ఏప్రిల్, మే నెలల్లో ఒంటి మీద చొక్కానే బరువు. మళ్లీ పైన జాకెట్ ఎట్లా వేసుకునేది?

ఈ ప్రశ్నకు కోప్పడే సూపర్‌వైజర్లను చూశాను. కోపం దేనికి? మన దగ్గర 42, 43 డిగ్రీలు మామూలే. పాలిస్టర్ నిండు గుడ్డ వేసుకుని కంకర ఎత్తేవాడి బాధ ఏసీ కారులో వచ్చేవాడికి తెలియదు.

వల గుడ్డతో కుట్టిన జాకెట్లు ఉన్నాయి, గాలి ఆడుతుంది. కానీ కన్నాలు పెద్దవైపోతే ఫ్లోరోసెంట్ రంగు తగ్గిపోతుంది. లోపలి చొక్కా నల్లగా కనిపించేంత పల్చగా ఉంటే పనికిరాదు. సన్న వల చూసుకోండి, లేబుల్ మీద క్లాసు మాత్రం తప్పకుండా చూడండి. ఇంకో దారి ఏమిటంటే, చొక్కా మీద జాకెట్ కాకుండా పట్టీలతో కుట్టిన ఫ్లోరోసెంట్ టీ షర్టే ఇవ్వడం. ఒంటి మీద ఒకటే గుడ్డ. వేసవి మూడు నెలలూ మా రోడ్డు గ్యాంగుకు ఇవే ఇచ్చాం. విప్పి భుజాన వేసుకునేవాళ్లు దాదాపు లేకుండా పోయారు. ధర కొంచెం ఎక్కువే. అయినా విప్పేసిన జాకెట్ ఎంత చవకైనా దండగే కదా.

ఆడవాళ్లు చీర మీద వేసుకుంటే జారిపోతోంది. ఏం చేయాలి?

మన కూలీ పనుల్లో ఆడవాళ్లు చీర మీద పాత మగ చొక్కా తొడుక్కుంటారు కదా, పైట లోపలికి పోయేలా. జాకెట్ ఆ చొక్కా మీద రావాలి. చీర మీద నేరుగా వేస్తే పైట కొంగు జాకెట్ పైకి వచ్చి ముందు పట్టీ మొత్తం కప్పేస్తుంది.

అసలు తప్పు సైజులో ఉంది. ఆర్డరు పెట్టేటప్పుడు అందరికీ ఎల్, ఎక్సెల్ రాసేస్తారు. ఐదడుగులు లేని లక్ష్మమ్మకు ఆ జాకెట్ మోకాళ్లదాకా వస్తుంది, భుజాలు జారతాయి, వంగి తట్ట ఎత్తితే అంచు చేతికి తగులుకుంటుంది. చిన్న సైజులు విడిగా రాయండి. పక్కల బిగించుకునే వెల్క్రో ఉన్నవైతే ఇంకా మంచిది. తలమీద తట్టతో నడిచేవాళ్లకు భుజం మీది నిలువు పట్టీలు చేతుల చాటున పడిపోతాయి, నడుము చుట్టూ ఉన్న పట్టీ ఒక్కటే బయటికి కనిపిస్తుంది. అది వీపు వెనక కూడా ఉందో లేదో చూసి కొనండి.

జిప్పు మంచిదా, వెల్క్రోనా, తాళ్లా?

రోడ్డు మీద పనికి జిప్పు. పట్టి ఉంచుతుంది, గాలికి ఎగరదు.

క్రషర్‌లో, కన్వేయర్ బెల్టుల దగ్గర, పాలిష్ మిషన్ల దగ్గర మాత్రం జిప్పు వద్దు, తాళ్లు అసలే వద్దు. తిరిగే రోలర్ జాకెట్ కొసను పట్టుకుంటే మనిషిని లాగేస్తుంది. మనిషి బలం దాని ముందు ఏ మూలకు? ఇలాంటి చోట్లకు లాగితే ఊడిపోయే జాకెట్లు ప్రత్యేకంగా ఉంటాయి. భుజాల మీద, పక్కల, ముందు, ఐదు చోట్ల వెల్క్రో అతుకులతో కుడతారు. ఎటు నుంచి గట్టిగా లాగినా విడిపోయి గుడ్డ పోతుంది, మనిషి మిగులుతాడు. కొన్నాక ఒక జాకెట్‌ను ఒకరికి తొడిగి, వెనకనుంచి గట్టిగా గుంజి చూడండి. ఊడి చేతికి రావాలి. ఒక చోట చూశాను, వెల్క్రో మాటిమాటికీ ఊడుతోందని ఒకాయన ఇంటి దగ్గర మిషన్ మీద నీటుగా కుట్టించుకొచ్చాడు. కుట్టు చక్కగా ఉంది, పాపం. మొత్తం విప్పించాల్సి వచ్చింది.

బెల్టుకు గార్డు లేకుండా జాకెట్ ఒక్కటే మారిస్తే ఒరిగేదేమీ లేదు. ముందు జాలీ బిగించాలి.

వెల్డింగ్ చేసేటప్పుడు కూడా ఇదే వేసుకోవచ్చా?

వద్దు. మామూలు జాకెట్ పాలిస్టర్, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. మంటను తట్టుకునే రకం జాకెట్లు విడిగా దొరుకుతాయి, లేబుల్ మీద ఆ మాట ఉండాలి. అది లేకపోతే వెల్డింగ్ అయ్యేదాకా విప్పి, ఆ చోటికి బండ్లు రాకుండా తాడు కట్టండి.

జాకెట్ వేసుకున్నా కనిపించలేదని డ్రైవరు అంటున్నాడు. అబద్ధమా?

అబద్ధం కాకపోవచ్చు. నా కళ్లముందు జరిగిందే చెబుతాను. డిసెంబరు రాత్రి, క్రషర్ యార్డులో టిప్పర్ వెనక్కి వస్తోంది. వెనక సైగ చేసే కుర్రాడు జాకెట్ వేసుకునే ఉన్నాడు. చలికి దాని మీద దుప్పటి కప్పుకున్నాడు. నేనే రెండుసార్లు అతని పక్కనుంచి నడిచాను, జాకెట్ కాలరు కనిపిస్తోంది కాబట్టి "వేసుకున్నాడు" అనుకుని వెళ్లిపోయాను. వెనక చక్రం అతని కాలికి మూరెడు దూరంలో ఆగింది. పక్కనున్న ఇంకొకడు అరవబట్టి. డ్రైవరు దిగి "అన్నా, నాకు నల్లగా ఏదో మూటలా కనిపించింది" అన్నాడు. ఆ రాత్రి నుంచి నా చెక్‌లిస్టులో "జాకెట్ ఉందా" అన్న మాట కొట్టేసి "పట్టీ నాలుగు వైపులా కనిపిస్తోందా" అని రాసుకున్నాను.

చలికాలం దుప్పటి, ఎండాకాలం భుజం మీద తువ్వాలు, వానాకాలం రెయిన్‌కోటు, ఏడాది పొడుగునా వీపుకు తగిలించిన బ్యాగు. అన్నీ పట్టీని మింగేసేవే. స్వెట్టరు లోపల, జాకెట్ పైన. తువ్వాలు తలకు చుట్టుకోండి. రెయిన్‌కోటు కొంటే పట్టీలున్నది కొనండి. ముందు జిప్పు తెరిచి వదిలేస్తే పక్కలకు పోయి ఎదురుగా చూసేవాడికి మామూలు చొక్కానే కనిపిస్తుంది.

అలాగని అంతా జాకెట్ మీదే వేయకండి. టిప్పర్ డ్రైవరు కుడివైపు ఎత్తులో కూర్చుంటాడు. బానెట్ ముందు దగ్గరగా, ఎడమ పక్కన, వెనక నిలబడ్డవాడు ఎంత మెరిసినా అతనికి అద్దంలో పడడు. మంగంపేట ముగ్గురాయి గని లాంటి చోట తిరిగే డంపర్ల చుట్టూ ఈ గుడ్డి జాగా ఇంకా పెద్దది. డ్రైవరు కళ్లు మీ కళ్లతో కలిసి, అతను చెయ్యి ఎత్తాకే కదలండి.

ఎట్లా ఉతకాలి?

చాలా జాకెట్లు లారీ కింద కాదు, ఉతికే బండ మీద చస్తున్నాయి.

మన అలవాటు ఏమిటి? సబ్బు రుద్ది, బ్రష్ కొట్టి, బండకేసి నాలుగు బాది, గట్టిగా పిండి, ఎర్రటి ఎండలో ఆరేయడం. కడప బండ మీద బాదితే జీన్సు ప్యాంటుకే రంగు పోతుంది. పట్టీ మీదున్న గాజు పూసలు ఎంత? బాదిన ప్రతిసారీ కొన్ని రాలిపోతాయి. వేలితో తడిమి చూడండి, పాడైన పట్టీ నున్నగా, ప్లాస్టిక్‌లా తగులుతుంది. మడత పడే చోట గీతలు గీతలుగా పగిలి ఉంటుంది.

ముందు పొడిగా దులపండి. నాపరాయి పొడి, సిమెంటు మీద నీళ్లు పోస్తే పేస్టులా అతుక్కుపోతుంది. తరవాత బకెట్లో గోరువెచ్చని నీళ్లు, కొంచెం డిటర్జెంటు పొడి వేసి పావుగంట నానబెట్టండి. లోపలి వైపు బయటికి తిప్పి చేత్తో జాడించండి. పట్టీ మీద మురికి ఉంటే మెత్తటి గుడ్డతో తుడవండి, బ్రష్ వద్దు. బ్లీచింగ్ వేయకండి, ఫ్లోరోసెంట్ రంగు చచ్చిపోతుంది. గుడ్డలు మెత్తబడటానికి వేసే లిక్విడ్ కూడా వద్దు. మెలితిప్పి పిండకుండా నీళ్లు కారనిచ్చి, నీడలో ఆరేయండి. ఎండలో పనిచేసే జాకెట్‌ను ఎండలో ఆరేస్తే తప్పేమిటని అడిగారు ఒకరు. పనిలో ఎటూ తప్పదు, ఆరేటప్పుడైనా రంగుకు కాస్త విశ్రాంతి ఇద్దాం. ఇస్త్రీ చేయాలనిపిస్తే గుడ్డ మీద తక్కువ వేడితో చేయండి, పట్టీ మీద పెట్టె ఆనించకండి.

మన బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పన. అలాంటి నీళ్లలో సబ్బు బిళ్ల వాడితే తెల్లటి జిడ్డు తయారై పట్టీ మీద పొరలా కూర్చుంటుంది. అందుకే బిళ్లకంటే పొడి నయం, ఆఖరి జాడింపు మంచినీళ్లతో చేస్తే ఇంకా నయం.

ఇవన్నీ చెప్పాక కూడా లేబుల్ మీదున్న మాటే చివరి మాట. ఉతికే టబ్బు బొమ్మలో ఎంత వేడి నీళ్లు వాడొచ్చో ఉంటుంది, పక్కన ఎన్ని ఉతుకులో ఉంటుంది. 25 ఉతుకులని ఉంటే, వారానికోసారి చొప్పున ఆరు నెలలు. 5 ఉతుకులని ఉంటే లెక్క మీరే వేసుకోండి. కొనేటప్పుడు ధర కంటే ముందు ఈ అంకె చూడమని అందుకే చెబుతాను.

వానలో తడిస్తే మెరుస్తుందా?

గాజు పూసల పట్టీ తడిసినప్పుడు మెరుపు తగ్గుతుంది. పూస మీద నీటి పొర చేరితే వెలుగు సరిగా వెనక్కి తిరగదు. తేనెపట్టు గళ్లలాంటి గీతలున్న ప్రిజం పట్టీలు తడిలో కొంచెం మెరుగు.

పట్టీ ఇంకా పనిచేస్తోందో లేదో సైటులోనే ఎట్లా తెలుసుకోవాలి?

చీకటి పడ్డాక ఒక కొత్త జాకెట్, ఒక పాత జాకెట్ పక్కపక్కన కర్రకు తగిలించండి. ముప్పై అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి రండి. ఫోన్ టార్చి వేసి కణతకు ఆనించి పట్టుకోండి, కంటి పక్కనే ఉండాలి. ఇప్పుడు చూడండి. కొత్తది ట్యూబ్‌లైటులా తెల్లగా మండుతుంది. పాతది అలాగే మండితే సరే. బూడిద రంగులో ఉంటే, మచ్చలు మచ్చలుగా మెరిస్తే పక్కన పెట్టేయండి.

టార్చి నడుము దగ్గర పట్టుకుంటే ఈ పరీక్ష తప్పుతుంది. వెలుగు టార్చి దగ్గరికే తిరిగి వస్తుంది కాబట్టి కన్నూ అక్కడే ఉండాలి. ఈ పరీక్ష కూలీల చేతే చేయించండి. "నా జాకెట్ చచ్చిపోయింది సార్" అని వాళ్లే వచ్చి చెబుతారు, నాలుగు ఉపన్యాసాల పని ఆ ఒక్క రాత్రి అవుతుంది.

గుడ్డకు వేరే పరీక్ష. ఇది పగలు. కొత్త జాకెట్‌ను పాతదాని మీద పరిచి పోల్చండి. పాతది పాలిపోయి నిమ్మకాయ తొక్క రంగుకో, నారింజ అయితే గులాబీ రంగుకో వచ్చిందంటే దాని పని అయిపోయింది. రోజూ చూసే కన్ను ఈ తేడా పట్టదు, కొత్తది పక్కన ఉండాల్సిందే. అందుకే ప్రతి కొనుగోలులో ఒకటి విప్పకుండా కవర్‌లోనే, చీకటి బీరువాలో దాచి ఉంచండి.

ఎన్నాళ్లకు మార్చాలి?

రోజూ ఎండలో వేసుకునేదాన్ని మేం ఆరు నెలలకు మించి ఉంచం. క్వారీలో నాలుగు నెలలకే పోతాయి. ఆఫీసు గోడకు తగిలించి, వచ్చే పోయే వాళ్లకు ఇచ్చేది ఏళ్ల తరబడి ఉంటుంది. తేదీ కంటే పైన చెప్పిన పరీక్ష మీద ఆధారపడండి. గ్రీజు, తారు అంటితే ఆ రోజే మార్చేయండి, అవి ఉతికినా పోవు.

వీపు మీద కంపెనీ పేరు పెద్దగా వేయించొచ్చా?

వేయించేముందు ఒక సంగతి. ముద్ర పడిన చోట ఫ్లోరోసెంట్ గుడ్డ లేనట్టే లెక్క. క్లాస్ 2కి సరిగ్గా కొలిచి కుట్టిన జాకెట్ మీద వీపంతా నిండేలా నీలం అక్షరాలు కొట్టిస్తే అది ఇక క్లాస్ 2 కాదు. పట్టీ మీద ముద్ర అసలు కూడదు. జేబు దగ్గర చిన్నగా వేసుకోండి. ఎన్నికల కండువా కాదు కదా.

చిరిగితే కుట్టుకోవచ్చా? పట్టీ విడిగా కొని అతికించుకోవచ్చా?

గుడ్డ కుట్టు ఊడితే కుట్టుకోండి. పట్టీకి సూది తగలనివ్వొద్దు. బజారులో దొరికే పట్టీ కొని కుట్టిస్తే ప్రమాణం కిందికి రాదు, ఆ పట్టీ ఏ రకమో మనకు తెలియదు.

జాకెట్ డబ్బులు కూలిలో పట్టుకుంటున్నారు. సరైనదేనా?

కాదు. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 ప్రకారం పనిచోట భద్రత కోసం ఇచ్చే వాటికి కార్మికుడి దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. ఈ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. ఇచ్చిన జాకెట్‌ను వేసుకోవడం, జాగ్రత్తగా చూసుకోవడం కార్మికుడి బాధ్యత. పారేసుకుంటే ఎవరు భరించాలని వాదన వస్తుంది. మేమైతే పాతది తెచ్చి చూపిస్తే కొత్తది ఇస్తాం. మొదటిసారి పోతే ప్రశ్నించం.

లారీ డ్రైవర్ల సంగతి వేరుగా చెప్పాలి. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర జాకెట్ లేకపోతే లోపలికి వదలరు. దాంతో పది లారీలకు ఒక జాకెట్ కంచె మీదుగా చేతులు మారుతూ ఉంటుంది. లోడింగ్ దగ్గర డ్రైవరు దిగేసరికి ఆ జాకెట్ ఇంకో లారీలో ఉంటుంది. ట్రాన్స్‌పోర్టు యజమానులు బండికి రెండు కొని క్యాబిన్‌లో పడేయండి. రాత్రి హైవే మీద టైరు పంక్చరైతే కూడా అక్కరకొస్తుంది.

వంద రూపాయల లోపు దొరికేవాటికీ ఖరీదైనవాటికీ తేడా ఏముంది?

పక్కనుంచి చూడండి. చవక రకం చాలావాటికి పట్టీ ముందూ వెనకా మాత్రమే ఉండి, పక్కల గుడ్డే ఉండదు, తాడు ఉంటుంది. రోడ్డు దాటేవాణ్ని డ్రైవరు చూసేది పక్కనుంచే. నడుము చుట్టూ పట్టీ పూర్తిగా తిరగాలి, జిప్పు దగ్గర రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. ఇంకొకటి, పట్టీ అంచును గోటితో గీకండి. పొడి రాలితే ఆ దుకాణం మెట్లు దిగేయండి.

పాత జాకెట్లు ఏం చేయాలి?

పట్టీని అడ్డంగా రెండు చోట్ల కత్తిరించి ఇవ్వండి. కత్తిరించకుండా పారేస్తే వారంలో ఇంకొకడి ఒంటి మీద సైటులోకే వస్తుంది, బాగుందనుకుని వేసుకుంటాడు. మా కూలీలు చాలామంది వేరుశనగ చేలల్లో దిష్టిబొమ్మకు తొడుగుతున్నారు. అడవి పందులు ఆగాయా అని అడిగితే "మొదటి రెండు రోజులు ఆగాయి సార్, తరవాత అవీ అలవాటు పడ్డాయి" అన్నాడు ఒక రైతు. పాత పట్టీ కోసి ట్రాక్టరు ట్రాలీ వెనక కడతామంటే మాత్రం వద్దని చెప్పండి. దానికి బండ్లకు అంటించే కొత్త ఎర్ర స్టిక్కరు విడిగా దొరుకుతుంది, అది కొనుక్కోమనండి.